పటంలో లేని చెట్లు

తాసల్లా అవ్వ రోజూ పొద్దున్నే సజ్జచేలోకి దిగి, తన పదిహేడు గావో చెట్లనూ ఆవును తట్టినట్టు ఒక్కొక్కదాన్నే తడుతుంది. వానల్లో ఆకులన్నీ రాల్చేసి, మండుటెండల్లో పచ్చబడే చెట్లవి. మోడుల నీడ పడదు కాబట్టే వాటి కింద సజ్జ ఏపుగా ఎదుగుతుంది. ఈ వానాకాలం భూముల సర్వేకి వచ్చిన కుర్రాడు హాబూ ఉపగ్రహం ఫొటో చూపించాడు.

"నీ చేలో ఒక్క చెట్టూ లేదంటోందవ్వా."

"నీ వెనకున్నదేంట్రా మరి, నీ తాతా?"

"ఫొటో వానల్లో తీశారు. ఆకు లేకపోతే ఉపగ్రహం లెక్కలో అది చెట్టు కాదు."

"ఎండలొచ్చాక మళ్లీ తియ్యమను."

హాబూ తలెత్తలేదు. "ఆ ఫొటోతో గీసిన పటంలో చెట్లు లేక ఖాళీగా ఉన్న చేలన్నీ సర్కారు ఒక కంపెనీకి రాసిచ్చేసిందవ్వా. నేల చదును చేసే యంత్రాలు బయల్దేరాయి."

అవ్వ పక్కనున్న మోడును తట్టింది. ఈసారి చెయ్యి తియ్యలేదు.