దవడకు తువ్వాలు కట్టుకున్న రోజులు

వయసులో ఉన్న ఆ రోజుల్లో ఎంత వాన కురిసినా నా గడ్డం తడిసేది కాదు. పైపళ్ళు చూరులా ముందుకు ఉండేవి. చదువు ఎనిమిదితో ఆగిపోయినా పళ్ళు మాత్రం ముందుకే పోయాయి. (మా ఇంట్లో ముందుకెళ్ళినవి అవే.) నాకది లోటుగా తోచలేదు, పదిమందిని నవ్వించే పనిలో సగం అవే చేసిపెట్టేవి. కృష్ణపట్నం పోర్టు గోడౌనులో పనికి కుదిరి, ముత్తుకూరులో కంపెనీ బస్సెక్కడం మొదలుపెట్టాక తెలిసింది లోటంటే ఏమిటో. దారిలో ఒక అమ్మాయి ఎక్కేది, క్యాంటీనులో పని, కిటికీ సీటు వదిలేది కాదు. నేనేం చెప్పినా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు నా మాటకో నా పళ్ళకో తేలక, ముందు పళ్ళు సరిచేయించుకుని, ఆ తర్వాతే మనసులో మాట చెప్పాలనుకున్నాను.

నెల్లూరులో పళ్ళ డాక్టరమ్మ, ముందువి వెనక్కి జరగడానికి చోటు కావాలని కోరపళ్ళ వెనకున్నవి నాలుగు పీకి, తీగ కట్టింది. బస్సు తోలే మామ (అందరికీ మామే) అద్దంలో నన్ను చూసి పెదవి విరిచాడు. "నాలుగు పళ్ళు పీకినాక దవడ కీలు వదులైపోద్ది అబ్బయ్యా. గట్టిగా ఆవలించినావంటే ఊడి ఒళ్ళో పడతాది" అన్నాడు. తలుపు బందులో మేకులు పీకితే ఏమవుతుందో నాకు తెలుసు, దవడ సంగతి తెలీదు. పొద్దుటి షిఫ్టు బస్సులో ఆవలింత రాకుండా ఉంటుందా? గడ్డం కింద నుంచి నడినెత్తికి తువ్వాలు లాగి ముడేసి, వెనక్కి వాలి నిద్రపోయాను. మన వైపు దవడకు అలా గుడ్డ కట్టేది ఎవరికో ఆ నిమిషంలో తట్టలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆ అమ్మాయి నా ఎదుట నిలబడి ఏడుస్తోంది. మామ బండి పక్కకు ఆపేశాడు. నేను లేచి కూర్చోగానే వెనక సీటాయన దిగి పరుగెత్తాడు. (ఆయన ఆ రోజు పనికి రాలేదట.) ఆమె కళ్ళు తుడుచుకుని, మొదటిసారి కిటికీ వదిలేసి, నా పక్కన కూర్చుంది.

"పోయినావనుకున్నా. ఏదో ఒకటి చెప్పు, నీ గొంతు వినాల" అంది.

చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. తీగ కనిపిస్తుందని తల మాత్రం ఊపాను.

తువ్వాలు బిగించీ బిగించీ చెంపలు సలుపుతుంటే, కీలు ఊడే వేళైందని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె నా వేళ్ళు చెవుల ముందు ఆనించి, నోరు తెరిచి మూయమంది. లోపల ఏదో కదిలింది. "కీలు ఇదయ్యా. నేను పీకింది పళ్ళని, దీన్ని కాదు. పళ్ళు తీసినంత మాత్రాన ఇది వదులు కాదు" అంది. నమిలే కండలు పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే కొత్త తీరుకు అలవాటు పడేదాకా కొన్నాళ్ళు సలిపితే సలపవచ్చట. నా నొప్పి మాత్రం సగం తువ్వాలుది, సగం భయంతో పళ్ళు బిగబట్టడానిదట. తువ్వాలు విప్పేశాను, నోరు విప్పలేదు. తీగ తీసేదాకా ఆగుదామనుకున్నాను.

రెండేళ్ళకు తీశారు. అద్దంలో ఎవరో అందగాడు. ఆ సరికే ఆమె బిట్రగుంట రైల్వే వాళ్ళింటికి కోడలుగా వెళ్ళిపోయింది. ఆ బస్సులో ఇప్పటికీ ఆమె కిటికీ సీటు ఖాళీగా ఉన్నా నేను నిలబడే వెళతాను.

ఈమధ్య బిట్రగుంట స్టేషన్లో కనిపించింది. పళ్ళు వరసకు రావాలని అప్పట్లో ఒక మాట ఆపుకున్నానని, ఆ మాటేమిటో కూడా, జోకులా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను.

"ఆ పొద్దు నువ్వు నోరు తెరిచుంటే, పళ్ళెవరు చూసుంటారబ్బా" అంది.