గాలెక్కువుంది

ఉమామహేష్ క్రేన్ నడుపుతాడు. గాజువాక వైపు ఒక చిన్న ఉక్కు కార్ఖానాలో, కప్పు కింద పట్టాల మీద కదిలే గదిలో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు మోస్తాడు. కింద మనుషులు నడుస్తుంటారు. పైనుంచి వాళ్ల హెల్మెట్లే కనిపిస్తాయి.

ఒకరోజు లాడిల్ సగం దారిలో ఉండగా అతని చెయ్యి కదల్లేదు. లివరు పిడికిట్లోనే ఉంది. కాసేపటికి కదిలింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ గమనించలేదు. మర్నాడు క్రేన్ నిచ్చెన మొదటి మెట్టు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. సెలవు పెట్టాడు. మిగిలిన సెలవులు వాడుకుంటున్నానని భార్య హిమబిందుతో అన్నాడు.

సెలవు అయిపోయింది. రేపు నిచ్చెన ఎక్కాలి. యారాడ కొండ రోడ్డును సైకిలు మీద, కాలు కింద పెట్టకుండా ఎక్కగలిగితే రేపు క్రేన్ ఎక్కుతాడు. లేకపోతే ఎక్కడు. ఈ ఒప్పందం తనతో తాను చేసుకున్నది.

హిమబిందు అన్న సాయిశంకర్ తోడు వచ్చాడు. పోర్టులో పని. సన్నటి టైర్ల సైకిళ్లు ఇద్దరూ కలిసే కొన్నారు. కొండ మొదట్లో అతను ఉమామహేష్ ముందు చక్రాన్ని నొక్కి చూశాడు.

"రాయిలాగ కొట్టీసినావు బావ. గాలెక్కువైంది. ఎగరేస్తాది సూడు."

"నీ పొట్టకంటే తక్కువేలే. పద."

ఎక్కారు. నీడ లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క మోకాలెత్తు గోడ. గోడ అవతల హార్బరు, ఓడలు. ఓడలు హెల్మెట్లంత కనిపించగానే ఉమామహేష్ చూపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ముందు చక్రాన్ని తప్ప దేన్నీ చూడలేదు. రొప్పుతున్నాడు. అది ఎక్కడం వల్లో, భయం వల్లో తెలియలేదు.

సాయిశంకర్ ముందు పోయి మలుపు దాటాడు. పైనుంచి అతని కేక వినిపించింది.

"గాలెక్కువుంది బావ..."

ఆ తర్వాత ఇంకో మాట ఉంది. అది అందలేదు. ఇంకా టైరు గోలేనా అనుకుని ఉమామహేష్ తల వంచి టైరును చూశాడు. బాగానే ఉంది. బాగానే ఉందని అరిచాడు కూడా.

కొండ చాటు అక్కడితో అయిపోయింది. సముద్రం మీది గాలి పక్కనుంచి కొట్టింది. హ్యాండిల్ తిరిగింది, సైకిలు గోడ వైపు పోయింది. గోడ అవతల చెట్ల తలలు కింద కనిపించాయి. వేళ్లు బ్రేకు మీదే ఉన్నాయి. అవి ముడుచుకోలేదు.

చక్రం గోడకు తగిలింది. అతను రోడ్డు మీద పడ్డాడు. రెండు అరచేతులూ తారుకు ఆనించి అలాగే ఉండిపోయాడు.

సాయిశంకర్ తన సైకిలు పట్టుకుని నడుచుకుంటూ దిగి వచ్చాడు.

"దిగిపోమన్నాను కదేటి."

"టైరనుకున్నాను."

సాయిశంకర్ నవ్వబోయాడు. ఉమామహేష్ మొహం చూసి మానేశాడు.

"బ్రేకు పట్టలేదేటి?"

"సెయ్యి రాలేదు." అరచేతుల దుమ్ము దులుపుకుని అన్నాడు, "క్రేన్లోనూ ఇంతే అయింది బావ. లాడిల్ పైనుండగా."

"కింద మనుషులున్నారా?"

"ఉన్నారు."

సాయిశంకర్ పక్కన కూర్చున్నాడు. గాలికి ఇద్దరి చొక్కాలూ కొట్టుకుంటున్నాయి.

"మరి రేపు?"

"ఎక్కను. ఫోర్‌మన్‌కి నానే సెప్తాను. కింద ఏ పనిచ్చినా సేత్తాను."

"నవ్వుతారు."

"నవ్వనీ."

చెప్పేస్తే భయం తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు. లేచి నిలబడటానికి సాయిశంకర్ భుజం పట్టుకోవాల్సి వచ్చింది. సైకిళ్లు నడిపించుకుంటూ దిగారు. సాయిశంకర్ గోడ వైపుకు మారాడు. ఉమామహేష్ కొండ రాళ్లకు భుజం రాసుకుంటూ, అడుగు చూసుకుని అడుగు వేస్తూ నడిచాడు.