అట్ట మీద గొర్రె

ఆ అట్ట తయారు చేసింది నేనే. అందుకే నా మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

మాది తిరుమలగిరి పక్క ఊరు. నా పేరు గ్లోరీ, అంగన్‌వాడీ టీచర్‌ను. నాకు నోరెక్కువని ఊళ్ళో అనుకుంటారు, అనుకోనీ. గుర్వయ్య మామకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. బొమ్మలు చూపిస్తే వేలు పెట్టి అడుగుతాడని దవాఖానలో డాక్టరమ్మ చెప్పిందట. ఆయన భార్య సైదమ్మత్త నా దగ్గరికొచ్చింది. పిల్లల పాత చార్టులు కత్తిరించి, అట్టకు పన్నెండు బొమ్మలు అంటించి ఇచ్చాను. నీళ్ళ గ్లాసు, అన్నం పళ్ళెం, మంచం, చెంబు, ఫ్యాను, ఇట్లాంటివే. చివర్న పన్నెండో గడి ఖాళీగా మిగిలితే గొర్రెను అంటించాను. గొర్రెలు కాచే కుర్మల ఇల్లు కదా, చూసి సంబరపడతాడనుకున్నాను.

బొమ్మలతో చెప్పడం మామకు కొత్తేమీ కాదు. చదువు రాదు గానీ ఆయనకంటూ ఒక రాత ఉండేది. ప్రతి గొర్రె వీపు మీద ఎర్రమట్టి జాజుతో రెండు నిలువు గీతలు, వాటి కింద ఒక చుక్క. వాళ్ళ తాతలనాటి గుర్తు. వాగు దగ్గర నాలుగు మందలు కలిసిపోయినా, గుర్తులు చూసి ఎవరివి వాళ్ళు విడదీసుకునేవారు. సర్కారు ఇచ్చిన గొర్రెలకు చెవికి నంబరు బిళ్ళలున్నా, వాటికీ తన గుర్తు పెట్టాకే మందలో కలిపాడు. నేను రిజిస్టర్ రాసుకుంటుంటే వెక్కిరించేవాడు. "నీ సంతకం కాయితం మీద పండుకుంటది బిడ్డా. నా సంతకం నడుస్తది."

అంత మాటకారి మంచానికి అతుక్కుపోయాడు. దవాఖాన ఖర్చులకని కొడుకు పరశురాములు మందను అమ్మేశాడు. జడ్చర్లలో కంపెనీ పని చేసుకునేవాడు గొర్రెలెక్కడ కాస్తాడు? "నాయినకు చెప్పకే, తట్టుకోలేడు" అని తల్లితో ఒట్టు వేయించుకుని వెళ్ళిపోయాడు. సైదమ్మత్త మామకు అబద్ధం చెప్పింది. మంద ఊళ్ళోని ఇంకో కాపరి బీరన్న మందతో కలిసి కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు మేతకు పోయిందని, వానలు పడితే తిరిగొస్తుందని.

వానలు పడ్డాయి. ఆ రోజు నుంచి మామ ఎడమచేతి వేలు గొర్రె బొమ్మ మీదికి పోవడం మొదలైంది.

"కూర తినబుద్ధయితాంది గావచ్చు అత్తా" అన్నాను. చూడండి, నా తెలివి! సైదమ్మత్త మటన్ తెచ్చి వండింది. ముద్ద నోట్లో పెడితే ఉమ్మేశాడు. మళ్ళీ గొర్రె మీద వేలు. కారం ఎక్కువైందేమోనని మరో ఆదివారం తగ్గించి వండింది. ఆ తర్వాత ఎముకలు ఉడికించి బొక్కల చారు. ఆయన అట్టను టకటకా కొట్టేవాడు. కళ్ళలోంచి నీళ్ళు కారేవి. గొంతులోంచి ఒట్టి అరుపు తప్ప ఏమీ వచ్చేది కాదు. "ముసలాయన రుచి మరిగిండు" అని నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. సిగ్గు లేకపోతే సరి.

ఒకరోజు నేను పోయేసరికి సైదమ్మత్త పండగకని గోడకు జాజు పూస్తోంది. గిన్నె మంచం పక్కనే పెట్టింది. మామ చెయ్యి చాచి అందులో వేలు ముంచాడు. గోడ మీద ఒక గీత గీశాడు. కాసేపాగి ఇంకో గీత. కింద చుక్క.

అప్పటికి నా మట్టిబుర్రకు ఎక్కింది. "అయ్యో అత్తా! మామ కూర అడుగుత లేడే. మంద యాడుందని అడుగుతాండు!"

"నాకు ఎరుకే" అంది సైదమ్మత్త, చేతిలో జాజు గుడ్డ అట్లాగే పట్టుకుని. "మొదటి దినమే ఎరుకయింది. ఏం చెప్పాల్నో తెలువక వండి పెట్టిన."

నాకు కోపం నషాళానికంటింది. అత్తను నాలుగు మాటలు అని కడిగేద్దామనుకున్నాను. ఆమె మొహం చూసి నోరు మూసుకున్నాను. ఆమె వచ్చి మామ పక్కన కూర్చుంది. "అమ్మినమయ్యా. ఒక్కటి గూడ లేదు. నువ్వు బతకాల్నని అమ్మినం" అని బోరుమంది.

మామ కళ్ళు మూసుకున్నాడు.

తెల్లారి సైదమ్మత్త అట్ట పట్టుకుని నా దగ్గరికొచ్చింది. గొర్రె గడి నిండా జాజు దట్టంగా పూసి ఉంది. తక్కిన పదకొండు బొమ్మలకు మరక కూడా అంటలేదు.

"ఆయనే పూసిండు, ఇగ మంద సంగతి నన్ను అడుగనని" అంది. "ఇంకో గొర్రెను అంటియ్యి బిడ్డా. అడగనియ్యి. కొట్టనియ్యి. గిట్ల సప్పుడు జేయకుంటే నేను బతకలేను."

అంటించాను. మొదటి దానికంటే పెద్దది. ఇప్పటికి మూడు వానాకాలాలు అయ్యాయి. వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. మామ వేలు ఫ్యాను దగ్గర బయల్దేరుతుంది, గొర్రె దాకా వస్తుంది, దాన్ని తాకకుండా పక్కనుంచి చుట్టు తిరిగి నీళ్ళ గ్లాసు మీద ఆగుతుంది. సైదమ్మత్త లేచి నీళ్ళు తెస్తుంది.