విత్తనపు వడ్ల విందు

రాష్ట్ర సరిహద్దు మీది కొంటాకు కాస్త ఎగువన, శబరి నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో రామనర్సయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఊరికి ఆయన మేస్త్రీ. ప్రార్థనకు వచ్చే ఇళ్ళవాళ్ళకు అయ్యగారు. ఏటా మిరపకాయ కోతల కాలంలో దోర్ల గిరిజనులను, తెలుగు కూలీలను ఒక ముఠాగా కట్టి, నది దాటించి భద్రాచలం వైపు తోటలకు తీసుకుపోయేది ఆయనే. తోట యజమానితో తెలుగులో పోట్లాడి, బండివాడితో హిందీలో బేరమాడి, ముఠాలో ఏ చంటిపిల్లో ఏడిస్తే వాళ్ళ దోర్లీ భాషలో ఊరుకోబెట్టి, తీసుకుపోయినవాళ్ళను తీసుకుపోయినట్టే ఇంటికి చేర్చేవాడు. "మేస్త్రీ చెప్పిండు" అంటే ఆ ఊళ్ళో ఇక దానికి తిరుగు లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

భార్య రేణుకకు విషజ్వరం వచ్చి, బతకదని అందరూ చేతులెత్తేసిన రోజుల్లో ఎవరో ప్రార్థన చేశారు. ఆమె లేచి కూర్చుంది. ఆనాటి నుంచి రామనర్సయ్య ప్రభువు మనిషి. పేరు మార్చుకోమని నది అవతలి పాస్టర్లు పోరు పెట్టారు గానీ, రేషన్ కార్డులో పేరు మార్పించడం కంటే పరలోకంలో రాయించుకోవడమే తేలికని నవ్వి ఊరుకున్నాడు. పెరట్లో రేకుల షెడ్డు వేశాడు. ఆదివారం అందులో పదిళ్ళవాళ్ళు కూర్చునేవారు. చాలాకాలం ఆయన చెప్పింది చిన్న మాటలే. తాగొద్దు, కొట్టుకోవద్దు, జబ్బు చేస్తే ముందు ప్రార్థన చెయ్యి, వెంటనే ఆసుపత్రికి నడువు. ఆ మాటలకే మనుషులు బాగుపడ్డారు కూడా.

తర్వాత చేతికి పెద్ద ఫోను వచ్చింది. మిరపతోటల్లో పగలంతా ఎండలో వంగి, సాయంత్రం గుడారంలో పడుకుని చెవుల్లో తీగలు పెట్టుకుంటే, కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు బైబిలు తెరిచి అంత్యదినాల లెక్కలు చెప్పేవారు. ఫలానా దేశం యుద్ధమే ఫలానా మృగం, ఫలానా కరువే ఫలానా గుర్రం. ఎక్కడా తడబాటు లేదు. ఇంతకాలం వాక్యం చదువుతూ కూడా ఇవన్నీ కనిపెట్టలేకపోయానే అని రామనర్సయ్యకు సిగ్గేసింది. ఆ సిగ్గు కొన్నాళ్ళకు గర్వంగా మారింది. మనిషికి తెలియనిది తెలిసిపోయిందనిపిస్తే వచ్చే గర్వం మామూలుది కాదు. అది కల్లు కంటే త్వరగా ఎక్కుతుంది.

భద్రాచలంలో ఒక ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. సృష్టి మొదలు ప్రళయం దాకా కాలమంతా ఒక పొడుగు గీత మీద. చివరలో ఏడు తలల మృగం. ఫ్లెక్సీ కొట్టిన కుర్రాడికి ఏడు రకాల తలలు దొరకలేదు కాబోలు, రెండు తలలు అచ్చం పులివే పెట్టాడు. ఆ మృగానికి బెత్తెడు దూరంలో రామనర్సయ్య స్వయంగా ఎర్ర రంగుతో బాణం గీసి "మనం ఇక్కడ" అని రాశాడు. ప్రభువు తిరిగొచ్చే ఆ దినం ఎప్పుడో దేవుని కుమారుడైన తనకు కూడా తెలియదని ప్రభువే అన్నాడు కదా అని రేణుక ఒకసారి అడిగింది. "దినం తెల్వదన్నడు. ఏడాది తెల్వదన్లేదు" అన్నాడాయన. ఆమె మూతి తిప్పుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

ఈ ఎండాకాలం ఫోనులో యుద్ధాల వార్తలు ముమ్మరమయ్యాయి. రామనర్సయ్య ఫ్లెక్సీ ముందు నిలబడి, గొంతు పెంచి, "ఈసారి వానకాలం పంట మనం కొయ్యం. అది కోసేలోపే ప్రభువు వస్తడు" అన్నాడు. తెలుగులో ఒకసారి, దోర్లీలో ఒకసారి. ఎవరో హల్లెలూయా అన్నారు. తునికాకు పని అయిపోయిన ఆదివారం ప్రేమవిందు పెట్టుకున్నారు. మాడ, లక్కే దంపతులు బియ్యం తెచ్చారు. పొడుగాటి ఎర్ర బియ్యం, వండితే షెడ్డంతా వాసన. రామనర్సయ్య మారు వడ్డించుకుని, "ఇంత రుచైన అన్నం నేను పుట్టి బుద్ధెరిగి తినలేదు లక్కే" అన్నాడు. లక్కే సిగ్గుపడి నవ్వింది. పిల్ల పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

వానలు పడ్డాయి. ఊరంతా చేలల్లో ఉంది. రామనర్సయ్య కూడా చక్కగా దున్నించి విత్తాడు. పంట కొయ్యబోమని చెప్పిన నోటితోనే కూలీలను కేకేసి నారు పోయించాడు. చెప్పిన మాటకూ చేసే పనికీ పొంతన లేదని ఆయనకు తోచనే లేదు. బోధ ఆదివారానిది, సేద్యం సోమవారానిది అన్నట్టు బతకడం ఆయనకు అలవాటైపోయింది.

తన చేనికి ఆనుకునే ఉంది మాడ చేను. ఏటివారన పల్లపు భూమి. ఒకనాడు గట్టు మీద నడుస్తూ చూస్తే అందులో నాగలి చాలు ఒక్కటి కూడా లేదు. గడ్డి మోకాలెత్తున ఉంది. మాడకు జ్వరమేమోనని ఆయన వాళ్ళ గుడిసెకు వెళ్ళాడు. మాడ వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. లక్కే చింతపండు గింజలు తీస్తోంది. ఇద్దరూ లేచి వందనాలు పెట్టారు.

"ఏంది మాడా, ఇంకా వెద పెట్టలే?"

"వెద ఎందుకయ్యగారూ? మీరు చెప్పిన్రు గదా."

"మరి విత్తనాలు?"

లక్కే గుడిసె మూలకు చూపింది. విత్తనాలు దాచే, పేడతో అలికిన వెదురు గరిసె, మూత తీసి, బోర్లించి ఉంది. "విందుకు దంచినం. మీరు చాలా బాగున్నయంటిరి" అంది ఆమె. ఎత్తిపొడుపేం లేదు. నిజంగా సంతోషంగానే చెప్పింది.

రామనర్సయ్యకు అప్పుడు అర్థమైంది. తాను మారు వడ్డించుకున్నది విత్తనపు వడ్లు. ఈ నేల మీద ఆకలేస్తే ఇప్పపువ్వు తింటారు, గడ్డలు తవ్వుకుంటారు, అప్పు చేస్తారు, కానీ విత్తనం గరిసె మూత తీయరు. అది తెలియని బయటి పాస్టరు తిని ఉంటే వేరు. రామనర్సయ్య ఇక్కడే పుట్టి పెరిగాడు.

"నా దగ్గర ప్యాకెట్ విత్తనాలు మిగిలినయ్. రేపే తీసుకొస్త" అన్నాడు.

మాడ తల అడ్డంగా ఊపాడు. "ఆ పొట్టి వరి మా పల్లంల మురుగుతది అయ్యగారూ." అది నిజమే. గోదారి పొంగినప్పుడు శబరి ముందుకు పోలేక వెనక్కి ఎగదన్ని ఆ పల్లమంతా ముంచుతుంది. ఆ నీళ్ళలో నిలబడేది వాళ్ళ తాతలనాటి ఎర్రవడ్లే. అయితే మాడ అక్కడితో ఆగలేదు. "మీరు ఆ ఎర్రవడ్లే తెచ్చినా నేను చల్ల. చల్లితే నమ్మనట్టే గదా. మొన్న ప్రార్థనల చెప్పినం, ఈ వానకాలం పోకముందే నందేను చూస్తమని. ఇప్పుడు చేనుల గింజలేస్తే ప్రభువు ఏమనుకుంటడు?"

నందే వాళ్ళ కూతురు. నిరుడు వానల్లో, వాగు పొంగి ఆసుపత్రికి దారి లేక, తండ్రి భుజం మీదే ప్రాణం వదిలింది. పాతిపెట్టి ప్రార్థన చేసింది రామనర్సయ్యే. ఆయన ఫ్లెక్సీ మీద గీసిన బాణాన్ని ఈ ఇద్దరూ బిడ్డ దగ్గరికి పోయే దారిగా చూసుకున్నారు. ఆ సంగతి ఆయనకు ఇప్పుడు తెలిసింది. తెలిశాక అక్కడ నిలబడలేకపోయాడు.

ఆ ఎర్రవడ్లు ఊళ్ళో దొరికే చోటు ఒక్కటే. ఏటా విత్తనాల పండుగకు ఇంటింటి నుంచీ గింజలు తెచ్చి దేవత ముందు కలిపి, మళ్ళీ అందరికీ పంచుతారు. కొంత ఊరి పూజారి దగ్గర ఉంటుంది. ఆయనను పెర్మ అంటారు. ప్రార్థనకు వచ్చే ఇళ్ళు ఆ పండుగ మానేశాయి. గింజలకు మొక్కేవాళ్ళని రామనర్సయ్య షెడ్డులో వెక్కిరించాడు కూడా. ఇప్పుడు ఆ గడపే తొక్కాల్సి వచ్చింది.

"ఏంది మేస్త్రీ, తొవ్వ తప్పినవా?" అన్నాడు పెర్మ.

రామనర్సయ్య దాచుకోకుండా అంతా చెప్పాడు. ముసలాయన నవ్వుతాడనుకున్నాడు, తిడతాడనుకున్నాడు. ఆయన రెండూ చేయలేదు. 

"విత్తనం అడిగినోడికి లేదనడం మా దగ్గర లేదు. మాడ మావోడే. ఇస్త. కానీ మేస్త్రీ, ఈ గింజలు కూడా నీ మాటకు వండుకొని తింటే? ముందు నువ్వు పోయి, ఆ దినం సంగతి నీకు తెల్వదని వాళ్ళకు చెప్పు. తర్వాత లక్కేను గంప తీసుకొని రమ్మను. తొందరగా చెప్పు. ఏరు లేస్తే ఇంక ఆ పల్లంల ఏం మొలవదు."

సంగతి విని రేణుక నెత్తి కొట్టుకుంది. తర్వాత పొయ్యి ఊదుతూ, "గింత దానికి గంత బాధెందుకు? లెక్క కొంచెం తప్పింది, వచ్చే ఎండకాలం అని చెప్పు. వాళ్ళు విత్తుకుంటరు, నీ మర్యాద నీకుంటది" అంది.

రామనర్సయ్య మనసు ఆ మాటను గభాలున పట్టుకుంది. ఎంత సులువు! బాణాన్ని బెత్తెడు వెనక్కి జరిపితే చాలు. మాడ విత్తుతాడు, నందే కూడా దూరం కాదు. ఫోనులో ఆ కోట్లు తొడుక్కున్నవాళ్ళు చేసేదీ అదే. చెప్పిన ఏడాది దాటిపోతే ఇంకో ఏడాది చెబుతారు, ఒక్కడూ తప్పయిందని అనడు. ఆదివారం దాకా ఆయన అదే నెమరేశాడు.  ఏది తింటున్నా ఎర్రబియ్యం వాసన వచ్చినట్టుండేది.

ఆదివారం షెడ్డు మీద వాన దరువేస్తోంది. అందరూ వచ్చారు. మాడ, లక్కే ముందు వరసలో కూర్చున్నారు. రామనర్సయ్య లేచి ఫ్లెక్సీ వైపు చూశాడు. వచ్చే ఎండాకాలం అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. లక్కే ముఖం చూశాడు. వచ్చే ఎండాకాలం కూడా ఈమె ఇలాగే ఏరు వైపు చూస్తూ కూర్చుంటుందనిపించింది. 

"నేను చెప్పింది తప్పు" అన్నాడు. "ప్రభువు వస్తడు. అది నేను నమ్ముతున్న. ఎప్పుడొస్తడో నాకు తెల్వదు. తెలిసినట్టు చెప్పిన. ఆ మృగం ఏందో, ఆ గుర్రాలు ఏందో కూడా నాకు నిజంగా తెల్వదు. ఎవరో చెప్పింది విని నా మాటగా చెప్పిన. ఈ బాణం గీసింది దేవుడు కాదు, నేను." దోర్లీలోనూ మళ్ళీ అదే చెప్పాడు.

ఎవరూ హల్లెలూయా అనలేదు. వెనక కూర్చున్న ఒక కుటుంబం చిన్నగా లేచి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. నది అవతల తారీకు గట్టిగా చెప్పే బోధకుడు ఉన్నాడని, వాళ్ళు అక్కడికి పోతున్నారని తర్వాత తెలిసింది. మాడ కదల్లేదు. కూర్చున్నచోటు నుంచే అడిగాడు. "మా పిల్ల సంగతి కూడా మీకు తెల్వదా?"

"ఆమె ప్రభువు దగ్గర ఉన్నదని నమ్ముతున్న. ఎప్పుడు చూస్తమో తెల్వదు మాడా."

మాడ లేచి వానలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. రామనర్సయ్య ఎదురుపడితే దారి మళ్ళేవాడు. విత్తనం పోయిందన్న కోపం మాడకు ఏ కోశానా లేదు. ఆ పంటను ఆయన ఎప్పుడో వదులుకున్నాడు. ఆయనకు పోయింది వేరు.

మర్నాడు లక్కే ఒక్కతే పెర్మ ఇంటికి గంప పట్టుకెళ్ళింది. రామనర్సయ్య ఎవరూ అడక్కుండానే తన ఎడ్లు కట్టి ఆమె పల్లం దున్నాడు. ఏరు గట్టుకు జానెడు కింద ఎర్రగా సుడులు తిరుగుతోంది. దున్నడం అయ్యాక ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపి, గంప నడుముకు ఆనించుకుని చేలో దిగింది. ఆయన చేయి సాచాడు, తానూ చల్లుదామని.

"వద్దు అయ్యగారూ" అంది లక్కే. "మీరు గట్టు మీద ఉండుండ్రి."

ఆయన గట్టెక్కాడు. ఆమె పిడికిట్లోకి గింజలు తీసుకుని, చల్లకుండా వాటినే చూస్తూ నిలబడింది.

"ఈ పంట కోసేదాకా ఆయన రాడంటరా?"

"అదీ నాకు తెల్వదు బిడ్డా."

"ఈ నీళ్ళు ముంచకుండ పోతయా?"

"తెల్వదు."

"మరి ఏదీ తెల్వకనే చల్లాల్నా?"

రామనర్సయ్య "ఆ. తెల్వకనే" అన్నాడు.

లక్కే పిడికిలి విప్పింది. గింజలు చల్లుకుంటూ నడిచింది, ఏడుస్తూనే చల్లింది. మడి ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చేదాకా ఆయన వానలో తడుస్తూ గట్టు మీదే నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు.