వేడి ఇటుక, జిల్లేడాకు

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయడానికి ముహూర్తం చూసుకునే రోజులు నాకు కొన్ని వచ్చాయి. కుడి మడమ కింద ఎవరో మేకు దించినట్టుండేది. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, చివరికి మా ఆవిడ భుజం పట్టుకుని పెరట్లోకి చేరేవాణ్ణి. పది అడుగులు పడితే నొప్పి సర్దుకునేది. కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ మొదటికొచ్చేది. మాట కోసం మడమ తిప్పరని మా సీమవాళ్ళకు పేరు. నాకు తిప్పుదామన్నా తిరిగేది కాదు.

జమ్మలమడుగు హైస్కూల్లో ఏళ్ళ తరబడి నిలబడి తెలుగు పాఠం చెప్పినందుకు దక్కిన సత్కారం అది. కూర్చుని చెబితే పిల్లలు నిద్రపోతారు. నిలబడి చెప్పినా పోతారు గానీ కాస్త మర్యాదగా పోతారు. అందుకని నిలబడ్డాను.

ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. మడమ ఎముక చివర చిన్న ముల్లులాంటిది కనబడింది. అది చూసి నాకు చెమట పట్టింది.

"కోసి తీసేయాల్నా సార్?"

"ఆ ముల్లు నొప్పి లేనోళ్ళకు గూడ ఉంటాది సార్. దాని జోలికి పోవద్దు" అన్నాడాయన. మడమ నుంచి వేళ్ళదాకా పాదం అడుగున గట్టి నారపట్టీ ఒకటి ఉంటుందట. గంటల కొద్దీ నిలబడినా, బరువు పెరిగినా, పలుచని చెప్పులతో గట్టి నేల మీద తిరిగినా, పిక్క బిగుసుకుపోయినా అది మడమ దగ్గర పీక్కుపోతుందట. రాత్రంతా ముడుచుకుని ఉండి పొద్దున మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది కాబట్టి అప్పుడే ఎక్కువ నొప్పి. గోడకు రెండు చేతులూ ఆనించి పిక్క సాగదీయమన్నాడు. గడ్డకట్టిన నీళ్ళసీసా మీద పాదం దొర్లించమన్నాడు. మెత్తటి చెప్పులు ఇంట్లో కూడా వేసుకోమన్నాడు. పొట్ట వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం కూడా వైద్యంలో భాగమేనని అర్థం చేసుకున్నాను.

లేచేముందు అడిగాను. "ఇటుక వేడిచేసి, జిల్లేడాకు పరిచి తొక్కమంటాది సార్ మా ఆవిడ. తొక్కొచ్చునా?"

తలెత్తకుండా మందులు రాస్తూనే ఆయన అడిగాడు. "షుగర్ ఉండాదా మీకు?"

"లేదు సార్."

"అట్లయితే తొక్కండి. కాలకుండా చూసుకోండి. పిక్క సాగదీసేది మాత్రం మానొద్దు."

మా ఆవిడ అరఇటుకను పొయ్యి మీద కాల్చి, గోనెపట్టా మీద పెట్టి, రెండు జిల్లేడాకులు పరిచేది. మడమ ఆనిస్తే ఆకు చుయ్యిమనేది. పచ్చివాసన లేచేది. వేడి పిక్కదాకా పాకి ప్రాణం లేచివచ్చినట్టుండేది. మూడు నెలల్లో నొప్పి పోయింది. ఆ మూడు నెలల్లో పొద్దునా సాయంత్రం గోడను తోశాను, చెప్పులు మార్చాను, మధ్యలో వేసవి సెలవులు కూడా వచ్చాయి. కష్టం పిక్కది, కీర్తి ఇటుకది.

ఇంక నా ప్రచారం మొదలైంది. స్టాఫ్ రూములో ఎవరు కాలు చాపినా ఇటుక చెప్పేవాణ్ణి.

"సార్, మీ ఇటుక తలనొప్పికి పనిచేస్తాదా?" అని అడిగింది సైన్సు టీచరు.

"చేస్తాదమ్మా, గురిచూసి ఇసిరితే" అన్నాడు లెక్కల మాస్టరు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ సాయంత్రం పెద్దముడియం నుంచి వచ్చే గుమాస్తాకు కూడా ఇటుక రాసిచ్చాను.

పులివెందులలో మా అక్క ఉంటుంది. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. మా నాయన మిషన్ బడిలో పంతులు. నేను ఏడో తరగతిలో ఉండగా పోయాడు. అప్పటినుంచి ఇల్లు అక్క కుట్టుమిషను మీదే నడిచింది. నా ఫీజులు, నా హాస్టలు, నా ట్రెయినింగు అన్నీ ఆ మిషను తొక్కుడులోంచి వచ్చినవే. ఆమె కాళ్ళు ఆడితేనే నేను నా కాళ్ళ మీద నిలబడ్డాను. బావ పోయి, పిల్లలు పెళ్ళిళ్ళయి పోయినా ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు, చర్చి పాటల జట్టుకు తెల్ల అంగీలు కుడుతూ ఎవరి చేతికిందా లేకుండా బతుకుతోంది. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

ఒకరోజు ఫోన్ చేసింది.

"అరికాళ్ళు మంటలురా. రాత్రిపూట తడిగుడ్డ చుట్టుకోని పండుకుంటాండా. పొద్దున లేస్తే దూది మీద నడిచినట్టుంటాది. మిషను తొక్కేటప్పుడు కాలు పెడలు మీద ఉండాదో ల్యాదో వంగి చూసుకోవల్సొస్తాండాది."

"నాకూ అంతేక్కా. ఇటుక తొక్కు, పోతాది."

నాకు అంతే కాదు. నాది నొప్పి, ఆమెది మంట. నాది పొద్దున, ఆమెది రాత్రి. నా మడమ నాకు మరీ తెలిసేది, ఆమె పాదం ఆమెకు తెలియకుండా పోతోంది. పరీక్షల్లో ప్రశ్న సరిగా చదవకుండా జవాబు రాసిన పిల్లలకు ముప్ఫై ఏళ్ళుగా సున్నాలు వేస్తున్నవాణ్ణి నేను.

రెండ్రోజులకు మళ్ళీ ఫోన్. "వేడే తగలడం ల్యాదురా. ఇటుక సరిగ్గా కాలల్యాదేమో."

"ఇంగొంచెంసేపు కాల్చక్కా. భయపడాకు" అన్నాను.

వారానికి నేనే చేశాను. "ఎట్లుండాదక్కా?"

"నొప్పనేదే ల్యాదు. నువ్వు డాక్టరు కావల్సినోనివి, పంతులైతివి."

ఆ మాట మరునాడు స్టాఫ్ రూములో చెప్పుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకూ చెప్పాను.

ఆ ఆదివారం ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందుల పోయాను. చర్చి నుంచి వచ్చి అక్క వంటింట్లోకి, ముందుగదిలోకి తిరుగుతూ నాకు సంగటి, పప్పు పెడుతోంది. జాకెట్టు కోసం ఒకామె వచ్చి గడప దగ్గర నిలబడింది.

"అక్కా, నీళ్ళు తొక్కినావా ఏంది? నేలంతా అచ్చులుండాయి."

నేను నేల చూశాను. నాపరాళ్ళ మీద కుడి మడమ పడిన ప్రతిచోటా తడి. నీళ్ళ తడిలా ఆరడం లేదు, జిగటగా ఉంది.

"కూచోక్కా" అని కాలు ఎత్తి చూశాను. మడమ చర్మం అరచేతి మేర ఊడి వేలాడుతోంది. చుట్టూ నల్లబడింది. మధ్యలో పసుపు రంగు. వాసన కూడా ఉంది. నా చేతిలో ఇంకా సంగటి ముద్ద ఉంది.

"ఏందిరా అట్ల చూస్తాండావు?" అంది అక్క. ఆమెకు నిజంగానే తెలియదు. నడుం వంగదు, తన అరికాలు తనకు కనబడదు.

జాకెట్టు కోసం వచ్చినామె నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఆమె భర్తే కారు మాట్లాడి తెచ్చాడు. సాయంత్రానికి ప్రొద్దుటూరు చేరాం. నాకు తెలిసిన డాక్టరు ఆయనొక్కడే.

పుండు చూశాక ఆయన సన్నటి నైలాను దారం ముక్క ఉన్న పుల్ల ఒకటి తీశాడు. "కళ్ళు మూసుకోమ్మా. నేను కాలు ముట్టుకున్నెప్పుడల్లా 'ఆ' అను."

అక్క బుద్ధిగా కళ్ళు మూసుకుంది. ఆయన బొటనవేలి కింద ఆనించాడు. చిటికెన వేలి కింద, పాదం మధ్యలో, పక్కన ఆనించాడు. దారం వంగేదాకా ఒత్తాడు. రెండో పాదానికి పోయాడు. నేను లెక్కపెడుతూ నిలబడ్డాను. అక్క నోరు తెరవలేదు.

కాసేపటికి కళ్ళు మూసుకునే అడిగింది. "ఇంగా మొదలుపెట్టల్యాదా సామీ?"

"అయిపోయిందమ్మా" అన్నాడు డాక్టరు.

తర్వాత అడిగాడు. "ఎట్ల కాలిందమ్మా?"

"ఇటుక తొక్కినాను సామీ."

"ఎవురు చెప్పినారు?"

అక్క నా వైపు చూడలేదు. "మా పక్క ఎవురో చెప్పినార్లే. అందురూ తొక్కుతారు గదా" అంది. నేను గోడ మీది ఎముకల బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

బయటికొచ్చాక డాక్టరు విడిగా చెప్పాడు. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉండి నరాలు దెబ్బతిన్నాయి. మొదట మంట, తర్వాత మొద్దు. నొప్పి పోయిందంటే కాలు బాగైందని కాదు, చెప్పే నరం చచ్చిందని. చీము మడమ ఎముకకు ఎక్కితే మోకాలి కిందికి తీసేయాల్సి వస్తుంది. పాదానికి రక్తం బాగానే ఆడుతోంది, అదొక్కటే మన వైపు ఉంది. వారం పది రోజుల్లో తేలుతుంది.

"ఇటుక చెప్పింది నేనే సార్" అన్నాను.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. "మిమ్మల్ని అడిగింటి గదా, షుగర్ ఉండాదా అని."

"అడిగినారు సార్."

అడ్మిషను చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది.

మరునాడు మడమ మీది చచ్చిన చర్మం, కండ కత్తిరించారు. మత్తు సూది వేయబోతే అవసరమే లేకపోయింది. కత్తెర ఆడుతుంటే అక్క ఫ్యాను చూస్తూ, కుట్టకుండా వదిలేసి వచ్చిన పెళ్ళిజాకెట్ల గురించి నర్సుకు చెబుతోంది. మెడ వెనక కిటికీ పెట్టమన్నారట, లోపలి గుడ్డ ఇవ్వనేలేదట. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

చర్చి అయ్యగారు పులివెందుల నుంచి చూడ్డానికి వచ్చారు. మంచం పక్కన మోకరించి, ఈ బిడ్డ నొప్పి తీసివేయమని ప్రార్థన మొదలుపెట్టారు. అక్క ఆయన భుజం తట్టింది.

"అయ్యగారూ, తీసెయ్యమని అడగాకండి. కొంచెం ఇప్పించమని అడగండి."

ఆయన కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకుని, అలాగే అడిగారు.

మూడో రోజు మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. "అక్కా, నాకు ఇటుక తొక్కమనేముందు డాక్టరు షుగర్ ఉండాదా అని అడిగినాడు. నేను ఆ మాట నీకు చెప్పల్యా. గుర్తే రాల్యా."

అక్క బత్తాయి తొన మీది నార ఒక్కొక్కటే తీస్తోంది.

"నువ్వు చెప్పినావని తొక్కినానురా. పక్కింటామె చెప్పింటే తొక్కేదాన్ని గాదు" అంది. ఆ మాట క్షమించడానికి అన్నదో, నిజమని అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు. తర్వాత తొన నా చేతిలో పెట్టింది. "ఇంగ ఎంతమందికి చెప్పినావు?"

"ఆరేడుమందికి."

"మరి ఈడ కూచోని ఏం చేస్తాండావు? ఫోను తీ."

ఆమె ఎదురుగానే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. పెద్దముడియం గుమాస్తాకు షుగర్ ఉందని అప్పుడే తెలిసింది. "ఇటుక కొనుక్కొచ్చి పెట్టినా సార్, ఆదివారం తొక్కుదామనుకుంటి" అన్నాడు. తొక్కొద్దని, అరికాలు ఇంట్లోవాళ్ళకు చూపించమని, డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పాను. ఎందుకని అడిగాడు. మా అక్క కాలు సంగతి చెప్పాను. అది చెప్పకుండా ఆ ఫోన్లలో ఒక్కటి కూడా ముగియలేదు.

పదో రోజున డాక్టరు కొత్త ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూశాడు. ఎముకకు ఎక్కలేదు. కాలు నిలిచింది. కానీ మాంసం పూడడానికి ఎనిమిది నెలలు పట్టింది. రోజూ ఇన్సులిన్, రోజు మార్చి రోజు కట్టు. మడమ నేలకు ఆనకూడదు కాబట్టి మిషను లేదు. మిషను మీద దుప్పటి కప్పి, మంచం మీద కూర్చుని అంచులు మడిచి చేత్తో కుట్టేది, గుండీలు కుట్టేది. పుండు మానినా డాక్టరు మిషనుకు ఒప్పుకోలేదు. మడమ గుంటపడి, చర్మం పలచగా మెరుస్తూ ఉంది. ఆ మిషను చివరికి వేంపల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి తీసుకుపోయింది. ఆటోలో ఎక్కిస్తుంటే అక్క గడప దాటి రాలేదు.

"రోజూ అరికాళ్ళు చూడాల. వేన్నీళ్ళు మోచేత్తో చూసి పోసుకోవాల. ఇంట్లో గూడ చెప్పులు వేసుకోవాల" అని డాక్టరు రాసిచ్చాడు.

"ఇంట్లో చెప్పులేసుకోని తిరిగేదానికి మనమేమన్నా దొరలమా?" అంది అక్క. చెప్పులు మంచం కిందే కొత్తగా ఉండేవి. అరికాళ్ళు చూడ్డానికి అద్దం కొనిస్తే అందులో తల దువ్వుకునేది. అందుకని ఆదివారం ఆదివారం నేనే పోతున్నాను. పెద్దది, తమ్ముడి చేత కాళ్ళు పట్టించుకోవడం సిగ్గు. మొదట్లో చీర లాక్కునేది. ఇప్పుడు తానే చాపుతుంది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక వరండాలో కూర్చుని కుడి మడమ చూశాను. బాగుంది. ఎడమ కాలు తీసుకున్నాను. అక్క ఎవరిదో కూతురి పెళ్ళి కబుర్లు చెబుతోంది. వేళ్ళ కింద మెత్తటి చోట నల్లచుక్క ఒకటి కనబడింది. గోటితో తడిమితే గట్టిగా ఉంది. పల్లేరు ముల్లు. లోపలికంటా దిగింది. పిన్నీసుతో కదిలించి లాగాను. రక్తపు బొట్టు వచ్చింది. అక్క మాట ఆపలేదు. పెళ్ళిలో కూరలో ఉప్పు ఎక్కువైందట.

ముల్లు చాలా చిన్నది. వరండా బయటికి విసిరేస్తే ఆమెకు తెలిసేది కాదు. తుడిచి ఆమె అరచేతిలో పెట్టాను.

"ఏందిది?"

"నీ కాల్లో ఉన్నింది."

అక్క దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒత్తింది. సూదితో బతికిన వేళ్ళు. "స్స్" అని వెనక్కి తీసుకుంది. వేలి కొనను చూసుకుంది, కాలి మీది రక్తపు బొట్టును చూసుకుంది.

"ఎన్నిదినాల నుంచి ఉండాదో" అంది మెల్లగా.

దూదితో రక్తం తుడిచి మందు పూశాను. పెళ్ళి కబురు అక్కడే ఆగిపోయింది. అక్క లోపలి మంచం వైపు చెయ్యి చూపించింది.

"ఆ చెప్పులిట్ల తీసుకురా" అంది.