ఆదిమూలం తిప్పిన ప్రశ్నలు

నిన్న పాలు పొంగిపోయి మాట సగంలో ఆపేశాను. ఆదిమూలానికి ఆ ఉద్యోగం వచ్చిందా లేదా అనే కదా మీరడిగింది? చెబుతాను, ఉండండి. ఏదైనా మొదటినుంచీ చెప్పకపోతే నాకే అర్థం కాదు. టీచరుగా రిటైరై నాలుగేళ్లయినా ఆ గుణం పోలేదు.

ఆదిమూలానిది వడమాలపేట. తిరుపతిలో ఒక సత్రంలో, యాత్రికుల పెట్టెలూ మూటలూ దాచే గదిలో పదకొండేళ్లు టెంపరరీగా పనిచేశాడు. ఏ మూట ఎవరిదో చీటీ చూడకుండానే చెప్పేవాడు. ఇంగ్లీషు మాత్రం ‘యెస్’ దాటి రాలేదు. డెబ్బై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం ఉత్తరాది యాత్రికుడొకాయన, రద్దీలో భార్య తప్పిపోయిందని ఏడుస్తూ వచ్చి “వేర్ డూ యూ థింక్ షి ఈజ్?” అని అడిగాడట. ఆమె ఎక్కడుంటుందనుకుంటున్నావు అని అడుగుతున్నాడని ఇతనికి తెలియలేదు. “యెస్ సార్, యెస్ సార్” అన్నాడు. ఆమె గంట నుంచీ పక్క వరండాలోనే కూర్చుని ఉంది. మంచినీళ్లిచ్చింది కూడా ఇతనే!

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు.

“టీచరమ్మా, ప్రశ్న అడిగేదీ రాదు, అడిగితే అర్థం అయ్యేదీ లేదు నాకు. వచ్చే నెల మా సత్రంలోనే ఎంక్వయిరీ గుమాస్తా పనికి ఇంటర్వ్యూ ఉండాది. ఇది పోతే వయసు దాటిపోతాది. నేర్పు తల్లీ.”

నేను చదివిందే తెలుగు మీడియం. నాకొచ్చిన ఇంగ్లీషంతా పది రోజుల ట్రైనింగులో నేర్పినదే. అక్కడ ఇడ్లీలు చాలా బాగుండేవి, అది వేరే సంగతి. పద్ధతి మాత్రం ఒక్కటే. టీచరు ఒక వాక్యం అనాలి, పిల్లలు దాన్ని మార్చి అనాలి. జవాబు చెప్పకూడదు. చెబితే డ్రిల్లు చెడిపోతుందట. నేను దాన్నే పట్టుకున్నాను. స్కేలుతో బల్ల మీద కొడితే ‘డూ యూ నో’ పెట్టి ప్రశ్నను తిప్పాలి. చెయ్యి పైకెత్తితే ‘డూ యూ థింక్’ పెట్టి తిప్పాలి.

“వేర్ ఈజ్ ద బస్టాండ్?” అంటాను. టక్!

“డూ యూ నో వేర్ ఈజ్ ద బస్టాండ్?”

“ఈజ్ కడాకు, వాక్యం చివరికి పోవాలప్పా! ఎన్నిసార్లు చెప్పేది?”

“అది పోనంటాది టీచరమ్మా. నేనేం జేసేది?”

వారం రోజులు ఇదే గోల. ఎనిమిదో రోజు వాకిట్లోనే నిలబడి నవ్వాడు. “తెలిసిపోయినాది. పెద్ద మూటలో చిన్న మూట పెడితే, చిన్నదానికి వేరే చీటీ కట్టం గదా? లోపలి ప్రశ్నా అంతే. దానికి ప్రశ్న యేషం ఉండగూడదు!” ఏళ్ల తరబడి పాఠం చెప్పినా నాకు తట్టని మాట. ఆ రోజు నుంచీ ఒక్క తప్పు లేదు. టక్ మనగానే తిప్పేవాడు, చెయ్యెత్తగానే తిప్పేవాడు.

ఇంటర్వ్యూ రోజు తోడు రమ్మంటే వెళ్లి, వరండాలో కిటికీ పక్కన కూర్చున్నాను. లోపల ముగ్గురు ధర్మకర్తలు. పెద్దాయన శఠగోపం గారు. మాట ముగించగానే చేతిలోని పేపర్ వెయిట్‌ను బల్ల మీద కొట్టడం ఆయన అలవాటు.

“వాట్ ఈజ్ యువర్ నేమ్?” టక్.

“డూ యూ నో వాట్ మై నేమ్ ఈజ్?” అన్నాడు ఆదిమూలం, ఛాతీ విరుచుకుని.

మిగతా ఇద్దరూ ఫక్కున నవ్వారు.

“వేర్ ఈజ్ యువర్ నేటివ్ ప్లేస్?” టక్.

“డూ యూ నో వేర్ మై నేటివ్ ప్లేస్ ఈజ్?”

ఆపు నాయనా, ఆపు అని కిటికీలోంచి చెయ్యి పైకెత్తాను. ఎత్తిన తర్వాత గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. అతను నా చెయ్యి చూసి, సరేనని తల ఊపి, శఠగోపం గారి వైపు తిరిగాడు.

“వేర్ డూ యూ థింక్ మై నేటివ్ ప్లేస్ ఈజ్?”

“ఏమిటయ్యా! పదకొండేళ్లుగా చూస్తున్నాను నిన్ను. నాతోనే పరాచికాలా? ఇక వెళ్లు” అన్నారాయన.

లోపలికెళ్లి చెప్పకూడదా అంటారు మీరు. ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నాను.

బయటికొచ్చి మెల్లగా అడిగాడు. “టీచరమ్మా, ఒక్కటన్నా తప్పినానా?”

“లేదబ్బా. అన్నీ బాగా తిప్పినావు.”

“మరి ఆయప్పకు అంత కోపం ఎందుకొచ్చినాది?”

“ఏమో నాయనా” అన్నాను. అంతే అన్నాను. జవాబు చెప్పడం నేర్పనిది నేనేనని చెప్పలేదు. ఆ పని వేరే అతనికి పోయింది. ఆదిమూలం సూళ్లూరుపేట వెళ్లి ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ‘ఈజ్’ సరిగ్గా పలకలేదేమోనని ఎనిమిదేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ రాస్తాడు. నేను ప్రతి జవాబులోనూ క్షేమసమాచారాలే రాస్తాను.

ఇక్కడితో అయిపోతే మీకింత గబగబా చెప్పేదాన్ని కాదు. పొద్దున మళ్లీ ఉత్తరం వచ్చింది. కూతురు జ్ఞానాంబకు సోమవారం ఇంటర్వ్యూనట, వాళ్ల ఫ్యాక్టరీలోనే, వచ్చినవాళ్లను పలకరించే ఉద్యోగం. “మీ పద్ధతిలోనే స్కేలు పెట్టి దినామూ రెండు గంటలు తిప్పిస్తా ఉండాను టీచరమ్మా. నాకంటే బాగా తిప్పతాది పాప” అని రాశాడు.

ఈ రోజు శనివారం. ఉత్తరం రాస్తే అందదు. గేటు దగ్గర ఫోనుంది, ఆ నంబరు ఉత్తరం పైనే వేశాడు. పొద్దున ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాను, లైను దొరకలేదు. తిప్పించొద్దు, పాపను జవాబు చెప్పమను అని చెప్పాలి. ఎందుకు టీచరమ్మా అని అడుగుతాడు. అప్పుడు ఆ కిటికీ సంగతీ, నా చెయ్యి సంగతీ చెప్పక తప్పదు.

నా చెప్పులు ఎక్కడ పెట్టాను? పోస్టాఫీసు మూసేలోగా వెళ్లి, ఈసారి అర్జెంటు కాల్ బుక్ చేస్తాను.