నేను మళ్ళీ నిలబడేదాకా ఆగిన తోడేలు

సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, సిరిసిల్లలో మా సాంచాల షెడ్డు మెట్లెక్కుతుంటే కుడికాలి చెప్పు జారిపోయింది. జారిన సంగతే నాకు తెలియలేదు. లోపలికి వెళ్ళాక మా నాన్న, బాపు, నా కాళ్ళకేసి చూసి, "చెప్పు ఏడ ఇడిసినవ్ రా?" అని అరిచాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఆ మోతలోనే బతికిన మనిషి. ఆయన మామూలు మాటే అరుపులా ఉంటుంది. అంతకు వారం ముందు నాకు విరేచనాలై తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. సాయంత్రానికి రెండు పాదాల్లో తిమ్మిరి. మర్నాడు పొద్దున మంచం మీంచి లేవలేకపోయాను.

కరీంనగర్ ఆసుపత్రిలో న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూశారు. కాలు ఎగరలేదు. నర్వ్ కండక్షన్ టెస్ట్ అయ్యాక "జీబీఎస్. గిలాన్ బరే సిండ్రోమ్" అన్నారు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, మంచిర్యాలలో మోటార్ల మెయింటెనెన్స్ చేస్తానని తెలిసి నా భాషలోనే చెప్పారు: "వైరు తెగలేదు. పైన ఇన్సులేషన్ దెబ్బతింది. మళ్ళీ వస్తుంది, కానీ నిదానంగా." ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు సెలైన్‌లా ఎక్కించడం మొదలుపెట్టారు. అది ఎక్కుతుండగానే ఊపిరి తగ్గింది. ఐసీయూ, వెంటిలేటర్, తర్వాత గొంతు దగ్గర రంధ్రం చేసి గాలి గొట్టం పెట్టే ట్రకియాస్టమీ.

వెంటిలేటర్ మీద ఉన్నా నాకు అన్నీ తెలుస్తూనే ఉండేవి. చేతులు కదలవు, గొంతు రాదు, నొప్పి మాత్రం తెలుస్తుంది. గొట్టంలో కఫం లాగే సక్షన్‌కి, సూదికి, పక్క మార్చడానికి ఎవరివో చేతులు వస్తూనే ఉంటాయి. అవన్నీ నన్ను బతికించడానికి వచ్చినవే. అయినా ఏ చెయ్యి దగ్గరికొచ్చినా లోపల ముడుచుకుపోయేవాణ్ణి. "మిషన్‌తో ఫైట్ చేయకు, అది ఇచ్చే గాలి తీసుకో" అని డాక్టర్ పదేపదే చెప్పేవారు. నాకు చాతకాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, హైస్కూల్లో చదివిన తోడేలు నవల. మంచుదేశపు అడవిలో ఒక తోడేలు ఉచ్చులో ఇరుక్కుంటుంది. మొదట కాలు గుంజుకుని గుంజుకుని అలసిపోతుంది. తర్వాత గుంజడం మానేసి, కదలకుండా పడుకుని ఊపిరి దాచుకుంటుంది. నేనూ అలాగే చేసి చూశాను. మిషన్ గాలి కాస్త సులువుగా లోపలికొచ్చింది.

బాపు వచ్చినప్పుడు పెదవులు మాత్రం కదిలించి "తోడేలు పుస్తకం" అన్నాను. షెడ్డులో మాట వినపడదు కాబట్టి సాంచాల మనుషులం పెదవులు చూసే మాట్లాడుకుంటాం. ఆయనకు వెంటనే అర్థమైంది.

"గా అట్ట చినిగిన పుస్తకమా? మీ అవ్వ బియ్యం డబ్బా కింద పెట్టింది. తెస్త, ఫికర్ చేయకు."

వార్డుకు మార్చి, ట్యూబ్ తీసేసి, నాకు మాట వచ్చాక బాపు రోజూ చదవడం మొదలుపెట్టాడు, తనకున్న ఒకే ఒక్క గొంతుతో. నర్సు పరుగెత్తుకొచ్చింది. "బాపూ, జర మెల్లగ! కిందికి గూడ ఇనవడుతున్నది."

పక్క మంచం మీద నస్పూర్ రాజలింగు మామ ఉండేవాడు, రిటైరైన బొగ్గుగని కార్మికుడు. ఆయన అడ్డుపడ్డాడు. "ఉండు బిడ్డా, గా తోడేలు ఆకలితోని ఉన్నది. జర తిననియ్యి."

ఆ నవలలో నాకు అన్నిటికన్నా నచ్చేది రచయిత నిగ్రహం. ఉచ్చు విప్పిన వేటగాడు తోడేలును పట్టుకోడు. మాంసం పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంటాడు. తోడేలు మనసులో ఏముందో రచయిత ఎక్కడా చెప్పడు. చెవులు ఎటు వాలాయో, ఏ కాలు గాలిలో ఆగిందో చెబుతాడు, అంతే. అది కొంచెం ముందుకొచ్చి అంతకన్నా ఎక్కువ వెనక్కి పోతుంది. మనిషి మళ్ళీ కూర్చుంటాడు. ఒక్క ఉపన్యాసం లేకుండా నమ్మకం ఎలా పుడుతుందో ఇంత బాగా చూపించిన పుస్తకం నేను మరొకటి చదవలేదు.

ఫిజియోథెరపీలో మొదటిసారి నిలబెట్టినప్పుడు మోకాళ్ళు మడతపడ్డాయి. ఇద్దరు చంకల్లో చేతులేసి పట్టుకున్నారు కాబట్టి పడలేదు. కానీ భయం పట్టుకుంది. మర్నాడు మెడ నొప్పి అన్నాను, ఆ తర్వాత కడుపు నొప్పి అన్నాను. "ఇప్పుడు లేవకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయి. నర్వ్ తిరిగొచ్చినా నడవడం కష్టం" అని డాక్టర్ గట్టిగానే చెప్పారు.

ఆ రోజు బాపు చదువుతున్నాడు. వేటగాడు అరచెయ్యి చాపాడు. తోడేలు ఎదుట నిలబడింది. అప్పుడే ఫిజియో మేడమ్ వచ్చారు. బాపు పుస్తకం మూశాడు.

"ఏందన్నా, ముట్టిందా లేదా?" అన్నాడు రాజలింగు మామ.

"ఈడు లేస్తెనే ముందటికి."

"అరె అల్లుడా, నీకు దండం పెడ్త, జర లెవ్వు! రేపు నన్ను ఇంటికి పంపుతుండ్రు. గా తోడేలు సంగతి తెల్వకుంట నేనెట్ల పోవాలె?"

వార్డంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మేడమ్ నా మోకాళ్ళు మడతపడకుండా స్ప్లింట్లు కట్టి, వెనక అటెండర్‌ను నిలబెట్టారు. ఈసారి నా చంకలో చెయ్యి వేయలేదు. ఎదురుగా నిలబడి రెండు అరచేతులూ చాపారు.

"నేను పట్టుకోను. నువ్వే పట్టుకో. నేను ఇక్కడే ఉంటా."

చాలాసేపు ఆ చేతులు అలాగే ఉన్నాయి. చివరికి నేనే అందుకున్నాను. కాళ్ళు వణికాయి, తర్వాత ఆగాయి. బాపు అరవలేదు. పెదవులు మాత్రం కదిలించాడు: "నిలవడ్డవ్ రా."

సాయంత్రం మిగతా పేజీ చదివాడు. తోడేలు తన ముక్కును ఆ అరచేతికి ఆనించింది. ఆ పూట నర్సు మెల్లగా చదవమనలేదు.

ఇప్పుడు నేను మళ్ళీ పనికి వెళ్తున్నాను. కుడిపాదానికి స్ప్లింట్ ఉంది. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటాను, నిచ్చెన ఎక్కను. రోగిని చూసుకునేవాళ్ళకు ఒక్క మాట: ముట్టుకునే ముందు చెప్పండి, చెయ్యి చాపి కాసేపు ఆగండి.

నేను ఇంటికి వెళ్ళినప్పుడు బాపు ఇప్పటికీ షెడ్డు మెట్ల దగ్గర చెయ్యి చాపి, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడతాడు. చాలాసార్లు నాకు ఆ చెయ్యి అవసరం ఉండదు. అయినా పట్టుకుంటాను.